చేతికందే బండి

"పద్దెనిమిదా?" అన్నాడు టైర్ల షాపు కుర్రాడు, గాలి గొట్టం పట్టుకుని. "అవును, నాలుగింటికీ పద్దెనిమిదే" అన్నాను. తల ఊపాడు. నేను లోపలికెళ్ళి డబ్బు కట్టి వచ్చేసరికి నాలుగు టైర్లలోనూ ముప్ఫై రెండు కొట్టేసి, పక్క కారుకి జాకీ ఎత్తుతున్నాడు. గేజి పెట్టి చూసుకోకుండా బయల్దేరడం నా తప్పు.

రెండు మైళ్ళు వెళ్ళేసరికి చేతులకి తెలిసిపోయింది. తారు అతుకు వచ్చిన ప్రతిచోటా స్టీరింగ్ ఉలిక్కిపడుతోంది. చక్రాలు రోడ్డుని పట్టుకోవడం మానేసి గెంతుతున్నాయి. ఒక పొలం గేటు పక్కన ఆపి చూస్తే 32. ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని, వాల్వు నొక్కి, బుస్సుమని గాలి వదిలి, మళ్ళీ పద్దెనిమిదికి తెచ్చుకున్నాను.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. రోజంతా కార్లకి గాలి కొట్టే చెయ్యి అది, దానంతటదే 32 దగ్గర ఆగుతుంది. అతని ముందుకొచ్చే కార్లు చాలావరకు పదిహేను వందల కిలోలవి. నా కేటర్‌హామ్ సెవెన్, రెండు సీట్ల చిన్న ఓపెన్ స్పోర్ట్స్ కారు, దాదాపు 550. అంటే బాగా మేపిన ముర్రా గేదె ఒకటి, దాని మీద ఇంకో పిల్లాడు.

ఆ రోజు పక్క సీట్లో మా బావమరిది ఉన్నాడు. హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ వచ్చి మా ఇంట్లో పది రోజులున్నాడు. నేను గాలి వదులుతున్నంతసేపూ గేటుకి ఆనుకుని చూసి, చివరికి అడిగాడు. "బావా, ఏమీ అనుకోకు. ఏడాదికి పదిహేను వందల మైళ్ళు కూడా తిప్పవు. ఏసీ లేదు, అద్దాలు లేవు, తలుపంటే గుడ్డ. శనివారాలన్నీ దాని కిందే ఉంటావని అక్క చెప్పింది. ఇదే డబ్బుకి దీనికి రెట్టింపు హెచ్‌పీ ఉన్న మంచి కారు వస్తుంది కదా?"

అప్పుడు ఏదో చెప్పాను. టన్నుకి ఎంత హెచ్‌పీ అనే లెక్క చెప్పాను. వాడు ఒప్పుకున్నాడు కూడా. కానీ ఆ రాత్రి పడుకున్నాక, నేను చెప్పింది అసలు జవాబు కాదని నాకే అనిపించింది. పదకొండేళ్ళుగా ఈ బండిని ఎందుకు ఉంచుకున్నానో వాడికి చెప్పలేదు, నాకు నేనూ ఎప్పుడూ సరిగ్గా చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

తేలిక బండి అనగానే అందరూ వేగం గురించే మాట్లాడతారు. నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. తేలిక వల్ల వచ్చే అసలైన లాభం వేగం కాదు. యంత్రం మనిషి చేతికి అందడం. చేతికీ, చెవికీ, బుద్ధికీ కూడా.

హెచ్‌పీ లెక్క

నాది 2003 నాటి బండి. 1.6 లీటర్ల రోవర్ కె-సిరీస్ ఇంజన్, 115 హెచ్‌పీ. టన్నుకి లెక్కేస్తే 209. మా ఇంటి కారు 150 హెచ్‌పీ, బరువు టన్నున్నర, టన్నుకి వంద. బావమరిదికి నేను చెప్పిన లెక్క ఇదే. లెక్క తప్పు కాదు. కానీ ఆ దారిలో వెళ్తే నోరు మూసుకోవాల్సిన చోటు ఒకటి వస్తుంది. వేగమే కావాలంటే ఇంకా ఎక్కువ హెచ్‌పీ ఉన్నది ఎందుకు కొనలేదు అంటే నా దగ్గర జవాబు ఉండదు.

ఎందుకంటే అలాంటిది ఉంది. ఇదే సెవెన్‌లో సూపర్‌ఛార్జర్ తగిలించిన 620 అనే రకానికి 310 హెచ్‌పీ. తెలిసినాయన ఒకాయన నన్ను ఒకసారి అందులో తీసుకెళ్ళాడు. సున్నా నుంచి అరవై మైళ్ళకి మూడు సెకన్ల లోపే వెళ్తుందంటే కాగితం మీద చదివినప్పుడు బాగుంటుంది. అరవై దాటకూడని పల్లెటూరి రోడ్డు మీద మాత్రం ఆయన యాక్సిలరేటర్ తొక్కడం, వెంటనే వదలడం, మళ్ళీ తొక్కడం, మళ్ళీ వదలడం. అరగంట సేపు ఆయన బండిని నడిపినదానికంటే ఆపుకున్నదే ఎక్కువ. బండి తప్పేమీ లేదు, ట్రాక్ మీద దాని అందం వేరే. రోడ్డు మీద ఆ బలం మనిషికి అందనంత ఎత్తులో ఉంది.

ఇంకో మిత్రుడి దగ్గర సెవెన్‌లోనే 160 అనే రకం ఉంది. దానిలో సుజుకి 660 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు, ఒక టర్బో, 80 హెచ్‌పీ. మన మారుతి 800లో ఉన్నది 796 సీసీ. అంటే దానికంటే చిన్న ఇంజన్‌తో నడిచే స్పోర్ట్స్ కారు. ఒక ఆదివారం ఉదయం ఆయన తాళాలు నా చేతికిచ్చాడు. అప్పింగ్‌హామ్ నుంచి మార్కెట్ హార్‌బరో వెళ్ళే బి664 రోడ్డు మా వైపు వాళ్ళకి బాగా తెలుసు. స్టాకర్‌స్టన్ దగ్గర దిగుడు, మలుపులు, మెడ్‌బోర్న్ దాకా పొలాల మధ్య పైకీ కిందికీ. ఆ దారంతా సన్న టైర్ల మీద, నలభై యాభై మైళ్ళ వేగంలో, ఇంజన్‌లో ఉన్న బలమంతా వాడుకుంటూ వెళ్ళాను. ఎక్కడా దాచుకోలేదు, ఎక్కడా భయపడలేదు. ముందు చక్రాలు కళ్ళ ముందే ఉంటాయి కదా, మడ్‌గార్డు కింద అవి గుంత చూసి ఎలా లేస్తాయో, మలుపులో ఎలా తిరుగుతాయో కనిపిస్తూనే ఉంటుంది. దిగాక నాలుగు రోజులు నా బండిలో ఇంజన్ అక్కర్లేనంత పెద్దదనిపించింది.

1957లో లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ ఈ బండిని లోటస్ సెవెన్ పేరుతో మొదట తెచ్చినప్పుడు దాంట్లో ఫోర్డ్ 1172 సీసీ ఇంజన్, 40 హెచ్‌పీ మాత్రమే. 1973లో కేటర్‌హామ్ దాన్ని తయారుచేసే హక్కులు తీసుకుంది, అప్పట్నుంచి ఆకారం దాదాపు అదే, బలం మాత్రం పెరుగుతూ వచ్చింది. బలం పెంచితే బ్రేకులు పెంచాలి, టైర్లు వెడల్పు చెయ్యాలి, రేడియేటర్ పెద్దది కావాలి. ఒక్కొక్కటీ పది కిలోలు, ఇరవై కిలోలు. దేనికోసం ఈ బండి పుట్టిందో అది కాస్త కాస్తగా కరుగుతుంది.

తల విప్పిన వారం

2019లో నా ఇంజన్ హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ తలకీ (సిలిండర్ హెడ్) కింది దిమ్మకీ మధ్య నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఉంచే పొర, పోయింది. కె-సిరీస్ ఉన్నవాళ్ళెవరికీ ఇది కొత్త విషయం కాదు. తేలిగ్గా, అల్యూమినియంతో చేసిన మంచి ఇంజన్ అది. కాకపోతే కూలెంట్ తక్కువ పడుతుంది, కొంచెం తగ్గినా ఓర్చుకోదు. డబ్బాలో నీళ్ళు వారానికో వేలెడు తగ్గుతున్నాయని నాకు తెలుసు, నాలుగు వారాలు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆయిల్ మూత తీస్తే మజ్జిగ రంగు.

తయారు చేసిన ఎమ్‌జీ రోవర్ 2005 ఏప్రిల్‌లోనే మూతపడింది. (మన టాటా ఇండికాని సిటీరోవర్ అని పేరు మార్చి ఇక్కడ అమ్మింది ఆ కంపెనీయే.) ఈ మూలపడిన ఇంజన్ తీసి పారేసి, రెండు లీటర్ల ఫోర్డ్ పెట్టించుకో అని నాకు ముగ్గురు చెప్పారు. డబ్బు కూడా సర్దుకున్నాను. పది రోజులు ఊగిసలాడాను.

చివరికి తల విప్పాను. ఆ వారం నేను చేసిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా అక్కడే ఉంది.

బానెట్‌కి కొన్ని క్లిప్పులంతే. విప్పి, ఒక్కణ్ణే ఎత్తి గోడకి ఆనించాను. ముక్కు కూడా అంతే, ఫైబర్‌గ్లాస్ ముక్క. ఆ తర్వాత ఇంజన్‌కీ నాకూ మధ్య ఏమీ లేదు. మామూలు కారులో ఒక బోల్టు చేరుకోవడానికి ముందు ప్లాస్టిక్ మూతలు, వైర్ల కట్టలు, ఏసీ గొట్టాలు తప్పించాలి. ఇక్కడ చక్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే చాలు. ఈ ఇంజన్‌లో పది పొడవాటి బోల్టులు పై నుంచి కిందదాకా దిగి, తలనీ దిమ్మనీ కింది చట్రాన్నీ ఒకే మూటలా బిగించి ఉంచుతాయి. కుట్టు విప్పినట్టు వాటిని వరసలో వదులు చేసుకుంటూ వచ్చాను. తల చేతుల్లోకి వచ్చింది. ఒక్కణ్ణే ఎత్తి, పాత దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టాను. పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా అని రాయబోయాను, నిజంగా అలాగే పెట్టాను.

పాత గాస్కెట్ మీద రెండో సిలిండర్ పక్కన నల్లటి చార. నీళ్ళు ఎటు దూరాయో అక్కడ కనిపిస్తోంది. ఆ చార మీద వేలు పెట్టి చూసినప్పుడు నాకు కలిగింది కోపం కాదు, ఒక రకమైన ఊరట. ఇంతకాలం "ఏదో జరుగుతోంది" అనుకున్నది, ఇదిగో ఇక్కడ, ఇంత పొడవు.

బిగించేటప్పుడు ముందు పది బోల్టులూ 20 న్యూటన్ మీటర్లకి, వరస ప్రకారం. తర్వాత ఒక్కోదాన్నీ అరచుట్టు. మళ్ళీ ఇంకో అరచుట్టు. ఏది ఎంత తిరిగిందో పొరబడకుండా బోల్టు నెత్తిన తెల్ల రంగు చుక్క పెట్టుకున్నాను. రెండో అరచుట్టు తిప్పుతున్నప్పుడు బోల్టు సాగుతున్న సంగతి పొడవాటి రెంచి పిడిలోంచి అరచేతికి తెలుస్తుంది. గట్టిగా ఉంటుంది గానీ మొండిగా ఉండదు. ఈ తేడాని నేను మాటల్లో ఇంతకంటే బాగా చెప్పలేను.

ఆ తర్వాత గాలి బుడగ లేకుండా కూలెంట్ నింపడానికి బండి ముక్కు ఎత్తాలి. జాకీ కోసం వెతుకుతుంటే మా ఆవిడ వచ్చి అటు పట్టుకుంది, ఇద్దరం కలిసి దాన్ని ఎత్తుతుంటే మా అమ్మాయి దిమ్మలు పెట్టింది. మా అమ్మాయికప్పుడు ఐదేళ్ళు. మా ఇంటి కారుని అలా ఎత్తగలమా?

ఇదీ నేను బావమరిదికి చెప్పాల్సింది. నేను శనివారాలు దాని కింద గడపడం నడిపే సుఖానికి కట్టే మూల్యం కాదు. తేలిక అన్న ఒక్క గుణమే మలుపులో చేతికి తెలుస్తుంది, స్టూలు మీద కూర్చున్నప్పుడూ చేతికి తెలుస్తుంది. రెండూ ఒకటే సుఖం.

ఛాసిస్ మీద వచ్చినవాళ్ళు

ఇది నాకు ఇంగ్లండ్ నేర్పిందని చాలాకాలం అనుకున్నాను. కాదు. మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుండేది. వేసవి సెలవులు నాకు అక్కడే.

అప్పట్లో లారీ అంటే కంపెనీ నుంచి లారీ వచ్చేది కాదు, ఛాసిస్ వచ్చేది. జంషెడ్‌పూర్ నుంచి టాటా, ఎన్నూరు నుంచి అశోక్ లేలాండ్. రెండు ఇనుప దూలాలు, ఇంజన్, స్టీరింగ్, ఆరు చక్రాలు. క్యాబిన్ లేదు, అద్దం లేదు, తలుపు లేదు. దాని మీద సీటులాంటిది ఒకటి వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఎండలో వానలో హైవే మీద వందల కిలోమీటర్లు తోలుకొచ్చేవాళ్ళు డ్రైవర్లు. షెడ్డు ముందు ఆపి దిగితే కళ్ళజోడు ఉన్నంత మేర తప్ప మొహమంతా ఎర్రటి దుమ్ము. మా బాబాయి వాళ్ళకి ముందు చెంబుడు నీళ్ళిచ్చి, తర్వాత ఒకటే అడిగేవాడు. "ఏమంటోంది?"

బండి ఏమంటోంది అని. వాళ్ళు చెప్పేవాళ్ళు. మూడో గేర్లో సన్నగా ఈల వేస్తోందనీ, ఎడమ వైపుకి కొంచెం లాగుతోందనీ, వెనక ఇరుసు దగ్గర వేడి వాసన వస్తోందనీ. మూసిన క్యాబిన్‌లో కూర్చున్నవాడికి అన్ని సంగతులు తెలియవు. వాళ్ళకి కష్టం లేదని నేను అనను, అది కూలి పని, ఒళ్ళు హూనమయ్యే పని. కానీ బండి గురించి వాళ్ళకి తెలిసినంత, ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు దాన్ని నడిపినవాళ్ళకి తెలిసి ఉండదు.

సెవెన్‌లో మొదటిసారి కూర్చుని, చెయ్యి పక్కకి చాపితే వేళ్ళకి రోడ్డు తగిలినప్పుడు నాకు గుర్తొచ్చింది వాళ్ళే. అందులో ఏసీ ఎందుకు లేదన్న ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు.

మూడు చుట్లు

ఇప్పుడు నా వాదనకి ఎదురు వచ్చే సంగతి. రెండేళ్ళ క్రితం మార్చిలో, చలికాలమంతా కవరు కింద ఉన్న బండిని బయటికి తియ్యడానికి ముందు వెనక షాక్ అబ్జార్బర్లు మార్చాను. కుడి వైపు కింది బోల్టుకి నట్టు వేళ్ళతో ఎక్కించి, రెంచి తీసుకోబోతుంటే విజయవాడ నుంచి అమ్మ ఫోను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. వచ్చి చక్రం ఎక్కించాను. చక్రం నట్లు టార్క్ రెంచితో క్లిక్కుమనేదాకా బిగించాను. లోపల ఉన్న ఆ ఒక్క నట్టు మర్చిపోయాను.

మర్నాడు పన్నెండు మైళ్ళు వెళ్ళాక నడుం కింద ఎక్కడో టక్. ఇంకో మలుపులో టక్, టక్. చెవికి కాదు, సీటులోంచి వెన్నెముకకి తెలిసింది. ఆపి, తారు మీద పడుకుని చూస్తే నట్టు ఇంకో మూడు చుట్లు తిరిగితే చేతిలోకి రాలేట్టుంది. అక్కడే స్పానర్‌తో బిగించి, ఇరవై మైళ్ళ వేగంతో ఇంటికొచ్చి, గ్యారేజీ తలుపు మూసుకుని చాలాసేపు కూర్చున్నాను. అంతకు ముందు రోజు సాయంత్రం మా అమ్మాయిని అదే బండిలో వీధి చివరిదాకా తిప్పి తెచ్చాను.

నేర్పరి కాని వాడి చేతిలో స్పానర్ ప్రమాదం అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట నిజం. సర్టిఫికెట్ ఉన్న మెకానిక్కు మీద ఒక పద్ధతి ఉంటుంది, చేసిన పని చూసే ఇంకో కన్ను ఉంటుంది. నా గ్యారేజీలో నేనొక్కణ్ణే. ఆ బండి అంత బోసిగా ఉండబట్టి ఆ టక్ అన్న చప్పుడు తెలిసిందని, మెత్తటి పెద్ద కారులో అయితే తెలిసేది కాదని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజమే. కానీ ఆ మాట చెప్పుకుని తప్పించుకోవడం నాకు నచ్చలేదు. బండి నాకు చెప్పింది కాబట్టి బతికాను. చెప్పకపోయే రోజూ ఉంటుంది.

అప్పట్నుంచి రెండు నియమాలు. చెయ్యి పెట్టిన ప్రతి నట్టుకీ, బిగింపు అయ్యాకే, నట్టు మీంచి పక్క ఇనుము మీదికి ఒక తెల్ల గీత. గీత విరిగితే నట్టు కదిలినట్టు. గీత లేకపోతే పని అవ్వనట్టు. పని మధ్యలో ఫోను మోగితే ఎత్తను, అమ్మకి కూడా చెప్పాను. రెండోది, ఏడాదికొకసారి సెవెన్‌లే చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన చేత బ్రేకులూ స్టీరింగూ సస్పెన్షనూ మొత్తం చూపిస్తాను. అన్నీ నేనే చేసుకోవాలన్న పట్టుదల ఆ మార్చితో పోయింది. చేతికి అందడం అంటే అన్నీ నా ఒక్క చేత్తోనే చెయ్యడమని కాదు. ఆయన "ఎడమ ముందు బాల్ జాయింట్ పనైపోవస్తోంది" అంటే, ఆయన ఏమంటున్నాడో నా చేతికి తెలియడం.

ఎదురుగా వచ్చేది తేలిక కాదు

మా ఆవిడ అడిగే ప్రశ్న వేరు, దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. "మీ బండి తేలికే. ఎదురుగా వచ్చేది తేలికా?" అంటుంది.

ఎయిర్‌బ్యాగులు లేవు. ఏబీఎస్ లేదు. ఇంకో కారుతో ఢీకొంటే తక్కువ బరువున్నదాని గతి ఏమిటో ఎనిమిదో తరగతి సైన్సు చెబుతుంది. ఇక్కడి రోడ్ల మీద కార్లు ఏటేటా ఎత్తూ బరువూ పెరుగుతున్నాయి. సెవెన్‌లో కూర్చుంటే నా కళ్ళు లారీ చక్రం నట్లకి సమానంగా ఉంటాయి, లారీ అద్దంలో నేను కనపడను. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తేలిక బండి చురుగ్గా తప్పుకోగలదు, త్వరగా ఆగగలదు, ఇవన్నీ నేను చెప్పగలను, చెప్పాను. తప్పుకోవడానికి చోటు లేనప్పుడు అవేమీ పనికిరావు.

అందుకని మోటార్‌వే మీదికి వెళ్ళను. చీకటి పడ్డాక తియ్యను. రోడ్ల మీద ఉప్పు చల్లే నెలల్లో అసలు తియ్యను, అది అల్యూమినియం రేకుకీ ఉక్కు చట్రానికీ మధ్య తుప్పు పట్టకుండా ఉండడానికి కూడా. అమ్మాయిని తీసుకెళ్తే ఊళ్ళోనే, మెల్లగా. ఇవి జాగ్రత్తలు మాత్రమే, జవాబులు కావు. ఒక తండ్రి ఆదివారం ఉదయం ఇంత రిస్కు ఎందుకు తీసుకోవాలి అంటే, ఈ పదకొండేళ్ళలో నేను ఇంకే యంత్రం దగ్గరా ఇంత మెలకువగా లేను అని మాత్రమే అనగలను. ఆవిడకి అది సరిపోదు. సరిపోవాలని నేను అనను.

అట్టపెట్టెల్లోంచి

నా బండిని కంపెనీ కట్టలేదు. మొదటి యజమాని తన గ్యారేజీలో కట్టుకున్నాడు. ఆయన రాసుకున్న నోటుపుస్తకం బండితో పాటు నాకొచ్చింది. డిఫరెన్షియల్‌ని చోట్లో కూర్చోబెట్టడానికి ఆయనకి మూడు సాయంత్రాలు పట్టింది. ఆ పేజీ మీద గ్రీజు వేలిముద్ర ఇంకా ఉంది.

ఈ కిట్ పద్ధతి మొదలైంది సరదాకి కాదు, పన్నుకి. కట్టిన కారు కొంటే పర్చేజ్ టాక్స్, విడిభాగాలు కొంటే లేదు. కిట్‌తో బిగించే పద్ధతి రాసివ్వకూడదని నిబంధన ఉంటే, లోటస్ విప్పే పద్ధతి రాసిచ్చిందనీ, కొన్నవాళ్ళు చివర్నుంచి మొదటికి చదువుకున్నారనీ చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది, కిట్లు మాత్రం పోలేదు. పన్ను కోసం మొదలైన పని ఇష్టంగా మిగిలింది.

నాకు అసూయ కలిగేది మాత్రం ఇంకో విషయం దగ్గర. ఈ దేశంలో ఒక మామూలు మనిషి ఇంటి వెనక కారు కట్టుకుని, ప్రభుత్వ తనిఖీకి తీసుకెళ్ళి, నెంబరు ప్లేటు తెచ్చుకోవచ్చు. ఇప్పుడు దాన్ని ఐవీఏ అంటారు. బ్రేకులు, లైట్లు, పొగ, చప్పుడు, అన్నీ చూస్తారు. మనిషికి తగిలే చోట అంచు 2.5 మిల్లీమీటర్ల గుండ్రం కంటే పదునుగా ఉందా అని కూడా కొలుస్తారు. తప్పితే సరిచేసుకుని మళ్ళీ రమ్మంటారు. నువ్వెవరివి కారు కట్టడానికి అని ఎవరూ అడగరు.

మన దగ్గరా ప్రయత్నాలు జరగలేదని కాదు. అలీబాగ్ వైపు చింకారా అనే చిన్న సంస్థ సెవెన్ పోలికల్లోనే, ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్‌తో రోడ్‌స్టర్ తయారు చేసింది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సామాన్యుడు ఇంట్లో కట్టుకున్నది పరీక్షించి ఒప్పుకునే తేలికైన దారి లేదు. బోసి ఛాసిస్ మీద మొత్తం లారీ బాడీని కళ్ళతో కొలిచి కట్టిన మేస్త్రీలున్న ఊరు మాది. వాళ్ళలో ఒక్కరు తన కోసం ఒక చిన్న బండి కట్టుకుంటే దాన్ని రోడ్డెక్కించడానికి తలుపు ఎక్కడుంది?

దీనికీ ఎదురు మాట ఉంది, నాకు తెలుసు. ఇష్టమొచ్చినట్టు కట్టిన బస్సు బాడీల్లో మంటలు లేస్తే తప్పించుకునే దారి లేక మనుషులు చనిపోవడం చూశాం. బాబాయి షెడ్డులో కూడా కొలత తప్పిన వెల్డింగులు నేను చూశాను. అందుకే నేనడిగేది వదిలెయ్యమని కాదు, పరీక్ష పెట్టమని. ఆ 2.5 మిల్లీమీటర్ల గుండ్రాన్ని కొలిచే మనిషి ఒకడు ఆటోనగర్‌లో కూర్చుంటే, అక్కడి చేతులు ఆ కొలతకి తప్పక అందుకుంటాయని నా నమ్మకం.

బావమరిది వెళ్ళే ముందు శనివారం నాతో పాటు గ్యారేజీలోకి వచ్చాడు. ముందు బ్రేకు ప్యాడ్లు మార్చాలి. మొదట తలుపు దగ్గరే నిలబడ్డాడు, కాసేపటికి లైటు పట్టుకున్నాడు, తర్వాత రెంచి అడిగి తీసుకున్నాడు. క్యాలిపర్ బోల్టు క్లిక్కుమన్నప్పుడు "ఇంతేనా?" అన్నాడు. ఇంతే అన్నాను. తెల్ల పెన్ను ఇస్తే, నాలుగు బోల్టుల మీదా నాకంటే తిన్నగా గీతలు గీశాడు.

మొన్న ఫోను చేశాడు. అక్కతో, మేనకోడలితో మాట్లాడాక నన్ను పిలవమన్నాడు.

"గీతలు కలిసే ఉన్నాయా బావా?"

చూసి చెప్తానని గ్యారేజీలోకి వెళ్ళి, చక్రం వెనక టార్చి వేశాను. మూడు కలిసే ఉన్నాయి. నాలుగోది బ్రేకు దుమ్ముకి కనపడలేదు, గుడ్డతో తుడిస్తే అదీ కలిసే ఉంది.